తూర్పు వైపు వేర్లు

దీపం కొడిగడుతోంది, కాస్త నూనె పోయవే అని నోటిదాకా వచ్చింది, ఎవరిని పిలవబోయానో అప్పుడు తెలిసి నోరు మూసుకున్నాను, పిలవబోయింది తంకమణిని, నూనె పోయాల్సిన ఆ మనిషే అరిటాకు మీద దక్షిణానికి తల పెట్టుకుని పడుకుని ఉంది, కొబ్బరిచిప్పలో ఆ దీపం ఆమె తల దగ్గర పెట్టినదే, కొత్త తెల్లబట్ట గడ్డం దాకా కప్పారు, మెడ దాకా కప్పితే తంకమణికి ఊపిరాడదు, జోరువానలో కూడా దుప్పటి నడుం దాటనిచ్చేది కాదు, ఎవరికైనా చెబుదామా, చెబితే పాపం ముసలాడికి మతి పోయిందంటారు, అరవై దాటిందో లేదో అప్పుడే ముసలాణ్ణి, నిన్న మధ్యాహ్నం ఇదే వేళకి పెరట్లోంచి పచ్చికాయలు కోసుకొచ్చి, రొయ్యల కూరలో వేస్తా, పులుపెక్కువైందని మళ్ళీ నా మీద ఎగరకండి అంది, సాయంత్రం గుండెల్లో మంటగా ఉందంది, గ్యాస్ అయ్యుంటుందిలే అన్నాను, జీలకర్ర నీళ్ళు కాచుకుని తాగింది, తనే కాచుకుంది, ఆస్పత్రికి చేరేసరికి ఒళ్ళంతా చెమట, తెల్లవారుతుండగా డాక్టరు బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు, ఎంత బరువు చెయ్యో, ఇంతసేపైనా ఆ భుజం బరువు దిగలేదు, రొయ్యల కూర ఇంకా గిన్నెలో అలాగే ఉండి ఉంటుంది, చావింట్లో ఎవరు ముట్టుకుంటారు, ఎవరైనా పారేశారేమో కూడా.

అళియా, బావా, ఒక్క మాట చెప్పండి, చెట్లు కొట్టే కుట్టప్పన్ ఎప్పట్నుంచో ఎండలో నిలబడి ఉన్నాడు, అంటున్నాడు నా బావమరిది శశి, తంకమణి తమ్ముడు, పొద్దుట్నుంచీ ఇదే అడుగుతున్నాడు, చెట్టు కొట్టమంటారా అని, ఏ చెట్టు అని అడగక్కర్లేదు, ఉన్నదే ఒక చెట్టు, అయిదు సెంట్ల జాగాలో ఇల్లు పోను, బావి పోను, మిగిలిన దక్షిణపు మూల మూవాండన్ మామిడి, ఇంట్లో మనిషి పోతే ఆ ఇంటి దక్షిణపు మామిడిని కొట్టి ఆ పెరట్లోనే చితి పేర్చడం మా వైపు తాతల నాటి నుంచీ ఉన్నదే, పొద్దున పూట ఎక్కడైనా గొడ్డలి చప్పుడు వినపడితే ఏ చెట్టు అని అడగం, ఎవరు పోయారని అడుగుతాం, అదంతా నాకు తెలుసు శశీ, నాకు నేర్పుతావా, కానీ ఆ చెట్టు నాది, మీ అక్కది కాదు, దాని మీద పోవాల్సింది నేను, జీవితమంతా పాలా నుంచి ఏట్టుమానూరుకి బస్సు నడిపినవాణ్ణి, ఎవరు ముందు ఎక్కాలో ఎవరు ఆగాలో నాకు తెలియదా, ఏమిటి ఈమె నన్ను తోసుకుని ముందు ఎక్కడం, గుడికెళ్ళినా పెళ్ళికెళ్ళినా మీరు నడవండి చేట్టా, నేను వస్తున్నాగా అని వెనకే వచ్చే మనిషికి ఈ ఒక్కసారి ఇంత తొందరేమిటి, కోపం వస్తోంది నాకు, ఏడుపు రావాల్సిన చోట కోపం వస్తోంది, అక్కడ మా అమ్మాయి బిందు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి తల్లి పాదాలు పట్టుకుని కూర్చుంది, దానికున్న బుద్ధి కూడా నాకు లేదు.

మా నాన్న పోయినప్పుడు మాకు చెట్టు లేదు, కర్కాటకం నెల, కుండపోత వాన, అద్దె ఇల్లు, ఇంటాయన తన మామిడి మీద చెయ్యి వేయనివ్వలేదు, మీ వాళ్ళ చావులకి నా చెట్లు కొట్టుకుంటూ పోతే రేపు నేను దేని మీద పోతానయ్యా అన్నాడు, ఎవరో రబ్బరు తోటలోంచి తడి కట్టెలు తెచ్చి పడేశారు, కిరసనాయిలు పోసినకొద్దీ పొగే తప్ప మంట లేదు, నాన్న కాలలేదు, ఉడికాడు, గొడుగుల కింద ఎవరో, బతికున్నప్పుడూ ఇంతే, దేనికీ తొందరపడేవాడు కాదు అని నవ్వారు, అప్పటికి నాకు మీసాలు కూడా సరిగా రాలేదు, ఆ నవ్విందెవరో చూద్దామని తిరిగితే అన్నీ నల్ల గొడుగులే, అందుకే ఈ అయిదు సెంట్లు కొన్నాక గోడలకి సున్నమైనా వేయకముందే దక్షిణపు మూల గొయ్యి తీసి మొక్క పెట్టాను, గృహప్రవేశం రోజున, పాలు పొంగిన కాసేపటికే, చుట్టాలందరి ముందూ, ఇదిగో నా బండి, దీన్నెక్కే పోతాను, ఎవరి కట్టెలూ నాకక్కర్లేదు, ఇది లావెక్కేదాకా యముడొచ్చినా బయట కూర్చోవాల్సిందే అన్నాను, అందరూ నవ్వారు, తంకమణి నవ్వలేదు, పాలు పొంగిన ఇంట్లో ఈ మాటలేంటి చేట్టా, మొక్క పెట్టేవాళ్ళు పండు తలుచుకుంటారు గానీ చావు తలుచుకుంటారా ఎవరైనా అంది, నా నోరు నా ఇష్టం అన్నాను, ఆ రాత్రి గంజి తాగకుండానే పడుకుంది, నేను పట్టించుకోలేదు, ఆడవాళ్ళ అలకలే అనుకున్నాను.

టపుక్కున ఒక పండు ఎండకని కట్టిన టార్పాలిన్ మీద పడి దొర్లి అంచున ఆగింది, కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి పైకి చూశారు, ఎవరూ లేచి తీయలేదు, చావింట్లో రాలిన పండు ఎవరు తీస్తారు, ఆమె ఉండి ఉంటే ఈపాటికి తీసి, తుడిచి, ముచిక దగ్గర వాసన చూసి, ఇది ఇవాళ్టిది కాదు, రేపు తినాలి అని బియ్యం డబ్బాలో పెట్టేది, పుల్లటి పెరుగు వేసి పండు మామిడి పులిశ్శేరి చేసేది, టెంక నాకే వడ్డించేది, నేను టెంక చప్పరిస్తుంటే ఎదురుగా కూర్చుని చూసేది, నువ్వూ తినవే అంటే మీరు తింటుంటే నా కడుపు నిండుతోంది అనేది, సినిమా మాటలు చెప్పకు అనేవాణ్ణి, మెట్ల కింద ఉప్పునీళ్ళలో పిందెలు ఊరేసిన జాడీ ఉంది, ఈ ఏటిది ఇంకా మూత తీయలేదు, వానలు పట్టుకున్నాక గంజిలోకి తీద్దామంది.

చెట్టు మాత్రం లావెక్కలేదు, మూవాండన్ కాబట్టి మూడో ఏడే కాసింది, కాపు చూస్తే కళ్ళు తిరిగేంత, మాను చూస్తే నా తొడంత, ఎత్తూ అంతే, నిచ్చెన వద్దు, దోటీ వద్దు, నిలబడి చెయ్యి చాపితే కాయ చేతిలోకి వచ్చేది, వీధిలో వాళ్ళంతా ఎకరాలున్నవాళ్ళకి లేని కాపు నీ అయిదు సెంట్లలో ఎలా వచ్చింది సుకుమారా అని ముక్కున వేలేసుకునేవాళ్ళు, ఎదగలేదేమని నేను మొక్క అమ్మినవాణ్ణి తిట్టాను, నేల కింద రాయి ఉందనుకున్నాను, ప్రతి విషు పండగకీ తెల్లవారుజామున కళ్ళు మూసుకుని వెళ్ళి దేవుడి ముందు పెట్టిన పళ్ళూ పసుపు పూలూ చూశాక నేరుగా చెట్టు దగ్గరికెళ్ళి కౌగిలించుకునేవాణ్ణి, కుడిచెయ్యి ఎడమ మోచేతిని అందుకునేది, ఏటా అదే మోచెయ్యి, ఇంకా చాలదు తంకమణీ, ఈ ఏడు కూడా నేను పోలేను అని కేకేసేవాణ్ణి, అయితే లోపలికి రండి, గంజి చల్లారిపోతోంది అనేది వంటింట్లోంచి, ఆ గొంతులో నవ్వుండేది, పండగ సంతోషం అనుకునేవాణ్ణి, ఒకసారి లైబ్రరీ వాళ్ళు పిలిచి ఇంటి పెరట్లో పళ్ళు పెంచడం గురించి మాట్లాడమన్నారు, రహస్యమేమీ లేదు, పొయ్యిలో బూడిద, కాస్త ప్రేమ అన్నాను పెద్ద తెలిసినవాడిలా, చప్పట్లు కొట్టారు, ముందు వరసలో మా గోడవతలి క్రైస్తవుల ఇంటి ఏలికుట్టి, మేమంతా అక్కగా చేచీ అని పిలిచే మనిషి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, పక్కన తంకమణి నేల చూపులు చూసింది, మొగుణ్ణి పొగుడుతుంటే సిగ్గుపడుతోందనుకున్నాను, నిజానికి బూడిద వేసేది కూడా నేను కాదు, పొద్దున మొదటి ట్రిప్పూ రాత్రి చివరి ట్రిప్పూ నావే, నాకెక్కడ తీరిక, తొలివానలు పడగానే పాదు తీసి పచ్చిరొట్టా బూడిదా వేసి పూడ్చేది ఆమే, నేనొచ్చేసరికి అరచేతుల నిండా బొబ్బలు, పాదు తీస్తున్నావా ఇంకో బావి తవ్వుతున్నావా అంటే, లోతుగా వేస్తేనే బలం అనేది, నా గుండె ఆపరేషన్ అయిన ఏడు ఆస్పత్రి నుంచి వచ్చి చూస్తే చెట్టు ఆకులన్నీ వేలాడేసి ఉంది, నేను లేకపోతే చెంబెడు నీళ్ళు పోసే దిక్కు లేదా ఈ కొంపలో అని అరిచాను, అప్పుడే కుట్లు విప్పిన గుండెతో అంత అరుపు అరిచాను, ఆమె వాన లేని ప్రతి రోజూ బావిలోంచి తోడి బిందెలు మోసి పోసింది, మరుసటేడు కొమ్మలు నేలకానేట్టు కాసింది, చూశారా నా చెట్టు, చచ్చి బతికింది నాలాగే అని బస్టాండంతా చెప్పుకున్నాను.

కుట్టప్పన్ చెట్టు చుట్టూ తిరుగుతున్నాడు, టార్పాలిన్ తాడు ఒకటి ఆ కొమ్మకే కట్టారు, దాన్ని విప్పమంటున్నాడు, మాను మీద అరచెయ్యి ఆనించి చూసి శశి చెవిలో ఏదో అన్నాడు, నాకు వినపడింది, ఇదొక్కటీ చాలదండీ, పైన పెట్టడానికి సరిపోద్ది, కిందకి వేరే కట్టెలు తెప్పించాలి, అన్నాడు, చాలదట, వీడొచ్చి చెప్పాలా నాకు, సొంత చెట్టుండగా శ్మశానానికి మోసుకెళ్తే నలుగురూ ఏమంటారు అళియా, అక్కకి ఆ మాత్రం మర్యాద చేయొద్దా అంటున్నాడు శశి, వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే, వాడు చెప్పిందీ నిజమే, ఏం చేశాను నేను ఆమెకి, కన్యాకుమారి చూపిస్తానన్నాను, ఇదిగో ఈ సెలవుల్లో, అదిగో ఆ సెలవుల్లో అన్నాను, బస్సు నడిపేవాడి పెళ్ళాం నా రూటు దాటి ఏ ఊరూ చూడలేదు, కనీసం చెట్టయినా ఇద్దాం, నా చోటే ఇచ్చేద్దాం, నాకెందుకిక, నన్ను తడి రబ్బరు కట్టెలతోనే ఉడికించనీ, గొడుగుల కింద ఎవరైనా నవ్వుకోనీ, ఆమె లేకుండా ఈ అయిదు సెంట్లలో నేనేం చేస్తాను, ఎవరితో పోట్లాడతాను, కూరలో పులుపెక్కువైందని ఎవరి మీద ఎగురుతాను, పోవడమే మంచిది, త్వరగా పోవడమే మంచిది, నా ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా గుండెపోటు ఇంకోసారి వస్తే కష్టమనే కదా అన్నాడు, రానీ, అనుకుని తల ఊపాను, కుట్టప్పన్ తలగుడ్డ బిగించి గొడ్డలి అందుకున్నాడు.

ఒరేయ్ కుట్టప్పా, దించరా గొడ్డలి, అన్న అరుపు వినపడింది, ఏలికుట్టి అది, పొద్దుట్నుంచీ తన ఇంట్లో పాలు లేని కాఫీ కాచి అందరికీ తెచ్చి పోస్తున్న మనిషి, చేతిలో గిన్నె అరుగు మీద దబ్బున పెట్టి చెట్టుకీ కుట్టప్పన్‌కీ మధ్య వచ్చి నిలబడింది, తను కట్టుకున్న తెల్లబట్ట నిండా కాఫీ చింది ఉంది, చేచీ, ఇది మా ఆచారం, మీరు పక్కకి రండి అన్నాడు శశి, మీ ఆచారం నాకూ తెలుసులే శశీ, పుట్టినప్పట్నుంచీ మీ మధ్యే ఉన్నాను, ఈ చెట్టు సంగతి మాత్రం నీకు తెలీదు, నీ బావకే తెలీదు, అని నా వైపు తిరిగింది, సుకుమారా, ఇది ఎందుకు లావెక్కలేదో ఎప్పుడైనా ఆలోచించావా అంది, కింద రాయి ఉంది అన్నాను, ఇంతమంది ముందు ఈ సమయంలో ఇదేం ప్రశ్న అనిపించింది, రాయీ లేదు రప్పా లేదు, తంకమణి వేర్లు కోసేసేది, ఏటా తొలివానలకి పాదు తీసేది ఎరువుకే అనుకున్నావా, వేర్ల కోసం, ఒక ఏడు తూర్పు వైపు, ఒక ఏడు పడమర వైపు, లావు వేరు కనపడిందా, కత్తి పెట్టి తెగ్గొట్టేది, నువ్వు చూస్తావని ఆ ముక్కలు గోడ మీంచి నాకు అందించేది, ఇన్నేళ్ళూ వానాకాలంలో మా పొయ్యిలో కాలింది నీ చెట్టు వేర్లే, పచ్చని చెట్టుకి ఎందుకే పిల్లా ఈ శిక్ష అని మొదటిసారి అడిగితే ఏమందో తెలుసా, ఆయన సంగతి మీకు తెలీదు చేచీ, మొండి మనిషి, పరువు మనిషి, సొంత కట్టె సరిపడా లేనిదే చావమన్నా చావడు, దీన్ని లావెక్కనివ్వకుండా చూసుకుంటే చాలు నాకు అంది, ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది, ఇవాళ దీన్ని కొట్టేస్తుంటే ఆ ఒట్టు పట్టుకుని నేను చూస్తూ ఊరుకోలేకపోయాను, అని ఏలికుట్టి అక్కడే చెట్టు మొదట్లో చతికిలబడి ఏడ్చింది.

విన్నదంతా ఒక్కసారిగా బుర్రకెక్కలేదు నాకు, ముక్కలు ముక్కలుగా వచ్చింది, అరచేతుల్లో బొబ్బలు, లోతుగా వేస్తేనే బలం, లైబ్రరీలో నేల చూపులు, బూడిదా ప్రేమా అన్నాను కదూ, విషు పొద్దున వంటింట్లోంచి ఆ నవ్వు, అది పండగ నవ్వు కాదు, ఈ ఏడు కూడా నేను పోలేనని నా నోటితో నేనే కేకేస్తుంటే వినడానికి ఏడాదంతా కాచుకున్న నవ్వు, మరి ఆపరేషన్ ఏడు, అని ఏలికుట్టి వైపు చూశాను, ఆమె కళ్ళు తుడుచుకుంటూ, ఆ ఏడు రెండు వైపులా కోసింది సుకుమారా, నిన్ను లోపలికి తీసుకెళ్ళిన రోజే, బట్టలకని ఇంటికొచ్చి వానలో తడుస్తూ చీకటి పడేదాకా తవ్వింది, చెట్టు చచ్చిపోతుందే అంటే చస్తే చావనీ చేచీ, ఇవాళ ఏదో ఒకటి చావాలంటే ఇది చావనీ అంది, అని చెప్పింది ఏలికుట్టి, అలాంటి మనిషి మీద నేను అరిచాను, చెంబెడు నీళ్ళు పోసే దిక్కు లేదా అన్నాను, నీకోసమే కోశానని ఒక్క మాట అనలేదు, నేను ఇంటికి తిరిగొచ్చాక తను తెగ్గొట్టిన చెట్టు బతకాలని మళ్ళీ తనే బిందెలు మోసింది, నన్నూ పోనివ్వలేదు, దాన్నీ పోనివ్వలేదు, వెర్రిది, చెట్టు లావుకీ మనిషి ఆయుష్షుకీ ముడి పెట్టుకుందంటే ఎంత వెర్రిది, కానీ ఆ ముడి పెట్టింది నేనే కదా, నేను నలుగురిలో నవ్వుతూ అన్నదాన్ని ఆమె నమ్మింది, ఆ రాత్రి అన్నం మానేసి పడుకుని ఏం చేయాలో ఆలోచించుకుంది, ఇన్నేళ్ళూ నా చావుకి కాపలా కాసింది, మరి ఆమె చావుకి ఎవరు కాపలా కాశారు, నాకే ముందు వస్తుందనుకున్నాను, ఇల్లంతా, ఊరంతా, చివరికి ఆ చెట్టు కూడా నా చావుకే తయారవుతున్నట్టు బతికాను, ఆమెకి కూడా ఒక చావుందని నాకెప్పుడూ తోచలేదు, ఆమె పోకుండా నేనేం కోశాను, గ్యాస్ అయ్యుంటుందిలే అన్నాను, జీలకర్ర నీళ్ళు కూడా తననే కాచుకోనిచ్చాను, అప్పుడొచ్చింది ఏడుపు, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి ఏడ్చాను, బిందు తల్లి పాదాలు వదిలి వచ్చి నన్ను పట్టుకుంది.

లేచాను, శశి ఆపబోయాడు, వదలమన్నాను, టార్పాలిన్ కింద నుంచి వంగి వెళ్ళి అందరూ చూస్తుండగా చెట్టుని కౌగిలించుకున్నాను, కాయలు చెవులకి తగిలాయి, బెరడు ఎండకి వెచ్చగా ఉంది, కుడిచెయ్యి ఎడమ మోచేతిని అందుకుంది, అదే మోచెయ్యి, ఇంకా చాలదు తంకమణీ అన్నాను, గట్టిగానే అన్నాను, చెవి ఒగ్గి నిలబడ్డాను, వంటింట్లోంచి ఎవరూ పిలవలేదు, ఇంకాసేపు నిలబడ్డాను, ఏలికుట్టి ముక్కు చీదుకున్న చప్పుడు తప్ప ఏమీ లేదు, కుట్టప్పా, ఒక్క కొమ్మ కొయ్యి, కాయలున్న కొమ్మే, అది ఆమె మీద పెడదాం, మిగతా కట్టెలు ఎక్కణ్ణుంచైనా తెప్పించండి, ఊరి శ్మశానంలోనే చేద్దాం, ఇక్కడ పేరిస్తే వేడికి చెట్టు మాడిపోతుంది అన్నాను, నలుగురూ ఏమంటారు అళియా అన్నాడు శశి, అననీ, మా నాన్నకే నవ్వారు, నాకు ఇది కొత్త కాదు అన్నాను, బట్ట గడ్డం దాకా కప్పారు, కాస్త కిందికి లాగండమ్మా, ఆమెకి ఊపిరాడదు అని కూడా అన్నాను, ఈసారి నాకు మతి పోయిందని ఎవరూ అనలేదు, బిందే వెళ్ళి లాగింది.

నాకు పోవాలనే ఉంది, దాచుకోను, ఇందాక తల ఊపినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, సాయంత్రం శ్మశానం నుంచి తిరిగొచ్చి ఆ వంటింటి ముందు ఎలా నడవాలో తెలియడం లేదు, ఊరికే కూర్చుంటే చాలు, ఈ చెట్టు తనంతట తనే లావెక్కుతుంది, ఆమె కత్తి తగలని మొదటి వానకే వేర్లు అన్ని వైపులా పాకుతాయి, కొన్నేళ్ళకి నాకు సరిపోయేంత మాను తయారవుతుంది, నా చేతులు ఒకదాన్నొకటి అందుకోలేని విషు ఒకటి వస్తుంది, నేను ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే, ఆమె ఇన్నాళ్ళూ బొబ్బలెక్కిన చేతులతో నాకు రాకుండా ఆపింది కూడా అదే, ఆ చేతులు ఇప్పుడు తెల్లబట్ట కింద ఉన్నాయి, ఇక ఆ పని చేయడానికి నేను తప్ప ఎవరూ లేరు, నాకు ఇష్టమున్నా లేకపోయినా నేనే చేయాలి, ఏలికుట్టి చేచీ అని పిలిచాను, ఈ ఏడు ఏ వైపు, ఆమెకి ముందు అర్థం కాలేదు, తర్వాత నా మొహం చూసి, తూర్పు, పోయినేడు పడమర కోసింది అంది, తూర్పంటే బావి వైపు, అక్కడ నేల మెత్తగానే ఉంటుంది, వానలు ఇంకెంతో దూరం లేవు, ఆ కత్తి ఎక్కడ పెట్టిందో వెతకాలి.